గుల్లపేటలో కూలిన టవర్

గుల్లపేట,
సెప్టెంబరు 3.

తమ్ముడు ఈశ్వర్‌ను అప్ప అమ్మడు మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను, మీ బావ ఎర్రన్న, ఊరంతా తాతమ్మ అని పిలిచే ఆయన నాయనమ్మ కులాసాగా ఉన్నాం. నువ్వు ఎమ్మెల్యే గారి ఆఫీసులో చేరి ఏడాది కావస్తోంది. ఫైళ్ల మధ్యే అన్నం తిని, అక్కడే పడుకుంటున్నావని విన్నాను. తిండి మాత్రం వేళకు తిను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని అడగకు. మా ఊరికి కేబుల్ టీవీ వచ్చింది గాని ఫోన్ సిగ్నల్ రాలేదని నీకు తెలుసు. ఇప్పుడు కొత్త ఏర్పాటు చేసుకున్నాం. సరుగుడు తోటలో అన్నిటికంటే పొడుగు చెట్టుకు ఒక బుట్ట కట్టాం. ఊళ్లో ఫోన్లన్నీ అందులో వేసి తాడుతో పైకి లాగి, పది నిమిషాలాగి దించుతాం. ఎవరి మెసేజీలు వాళ్లు ఏరుకుంటారు. మొన్న బుట్ట పైన ఉండగా ఒక ఫోన్ మోగింది. తాడు చిక్కుపడి బుట్ట వెంటనే దిగలేదు. ఎవరిదో తెలియక, అందులో ఫోన్లు వేసిన పదహారు మందీ సాయంత్రం దాకా తమ చుట్టాల గురించి దిగులుపడ్డారు.

ఇది నవ్వులాటగా రాస్తున్నాను గాని పోయిన నెల పద్దెనిమిదిన జరిగింది నవ్వులాట కాదు. పొద్దున్న పడవలన్నీ వేటకు వెళ్లాయి. గాలివాన హెచ్చరిక మెసేజీ తొమ్మిదింటికే వచ్చింది. పనిలో పడి ఆ పూట దించడం మరిచిపోయాం, అది బుట్టలోనే కూర్చుంది. మేం దించి చూసేసరికి పదకొండున్నర. అప్పటికే సముద్రం నల్లబడింది. మీ బావ పడవ తిరగబడింది. ఆయన మూడు గంటలు ఈది ఒడ్డు చేరాడు. ఇసకలో కూలబడి మంచినీళ్లు అడిగాడు. పడవ మర్నాడు దానంతటదే కొట్టుకొచ్చింది. అప్పటినుంచి ఆయన వేటకు వెళ్లిన రోజు నాకు ముద్ద దిగడం లేదు.

మా ఊరికి టవర్ మంజూరై రెండేళ్లయింది. సామాను విజయనగరం గోడౌన్‌లో పడి ఉందట. కాగితం జిల్లా టెలికాం కమిటీ దగ్గర ఆగింది. మీ ఎమ్మెల్యే గారు ఒక్క మాట అంటే కదులుతుందని మా మహిళా సంఘం తీర్మానం. ఆ మాట ఆయన చెవిన వేసే పని నీది.

నీ అండ చూసుకుని ధైర్యంగా ఉన్న అప్ప,
అమ్మడు.

తా.క. టవర్‌ను చేపలు ఎండబెట్టే చోట పాతుతారేమోనని తాతమ్మకు భయం. "టవరొద్దు గివరొద్దు, నా సేపలెక్కడ ఎండాల?" అని మా వీధంతా తిరిగి అంటోంది. ఉత్తరపు దిబ్బ మీద వేస్తారని నేను నచ్చజెబుతాలే.


శ్రీకాకుళం,
సెప్టెంబరు 8.

అప్పకు, బావకు, తాతమ్మకు ఈశ్వర్ పేరుపేరునా పెడుతున్న దండాలు.

అప్పా, మీరు చేసిన పనికి నాకు చేతులు ఆడడం లేదు. టవర్ కావాలని నాకు ఉత్తరం రాసి, వద్దని ఊళ్లో ఉద్యమం చేస్తారా?

నీ ఉత్తరం శుక్రవారం పదింటికి అందింది. చదివి బల్ల మీద పెట్టి, ఎమ్మెల్యే గారి పూజ అయ్యేదాకా ఆగాను. పదకొండున్నరకు ఆయన వచ్చారు. బావ మూడు గంటలు ఈదిన సంగతి చెబితే ఆయన కూడా కదిలిపోయారు. "కలెక్టరు గారికి ఫోన్ కలుపు" అన్నారు. నేను నంబరు నొక్కుతున్నాను. సరిగ్గా అప్పుడే ఎదురు గోడ మీది టీవీలో ఎర్ర పట్టీ పరుగెత్తింది. 'గుల్లపేటలో టవర్‌పై తిరుగుబాటు. తాతమ్మ నాయకత్వంలో మహిళల ఉద్యమం.' ఆయన ఫోన్ పెట్టెయ్యమని సైగ చేశారు.

మా ఆఫీసు సంగతి నీకు చెప్పాలి. నాలుగు గోడలకూ నాలుగు టీవీలు ఉన్నాయి. నాలుగింటిలోనూ అలజడి న్యూస్ ఒక్కటే వస్తుంది. ఆ చానెల్ పొద్దున్న ఏమంటే ఆయన మధ్యాహ్నానికి అదే అంటారు. కలెక్టరు గారు రాసిన నివేదిక వారం రోజులు చదవకుండా ఉంచగలరు గాని, కింద పరుగెత్తే పట్టీని ఒక్క అక్షరం వదలరు. ఆ చానెల్ విలేఖరి నరేష్ పొద్దస్తమానం నా బల్ల పక్క కుర్చీలోనే ఉంటాడు. ఈ వార్త ఎక్కడిదని అడిగాను. ఊళ్లో నమ్మకమైన మనిషి చెప్పారన్నాడు.

ఒంటిగంటకు ఎమ్మెల్యే గారు విలేఖరుల్ని పిలిచారు. "పెజలు ఒద్దన్న టవరు నా ప్రాణం ఉండగా తీరంలో లెగనివ్వను" అన్నారు. అక్కడితో ఆగలేదు. మూడింటికి టెలికాం కమిటీలో కూర్చుని, ప్రతి ఇంటి సంతకం ఉంటే తప్ప తీరంలో ఒక్క కొత్త టవర్ కూడా వెయ్యకూడదని తీర్మానం చేయించారు. పదకొండున్నరకు మనది ఒక్క టవర్. మూడున్నరకు జిల్లా తీరమంతా ఆగిపోయింది.

ఏం తోచని తమ్ముడు,
ఈశ్వర్.

తా.క. టీవీలో తాతమ్మను 'తీరప్రాంత ఉద్యమకారిణి' అన్నారు. ఎమ్మెల్యే గారు ఆమెను సన్మానిస్తారట. శాలువా ఏ రంగు ఇష్టమో కనుక్కోమన్నారు.


గుల్లపేట,
సెప్టెంబరు 12.

మా అందరి మీదా కోపంగా ఉన్న తమ్ముడు ఈశ్వర్‌కు అప్ప అమ్మడు శాంతంగా రాసేది.

ముందు నువ్వు ఆ ఫైలు కింద పెట్టి మంచినీళ్లు తాగు. ఇక్కడ ఉద్యమం లేదు, గిద్యమం లేదు. విలేఖరి అనేవాడు మా ఊరి పొలిమేర తొక్కలేదు. ఆ వార్త మేమూ చూశాం. గుల్లపేట అని చెప్పి వెనక కొండ ఉన్న ఊరెవరిదో చూపించారు. మాకు కొండ ఎక్కడిది? ఆ బొమ్మ చూసి మా పక్కింటి బుల్లమ్మ, "ఓలమ్మ, మనూరు ఎంత బాగున్నాదో" అంది.

వార్త చూశాక ఇక్కడ పెద్ద రభస అయింది. మగవాళ్లందరూ మా ఇంటి ముందు చేరి తాతమ్మను నిలదీశారు. సంఘం అధ్యక్షురాలు లక్ష్మణమ్మ కొడుకు కూడా వేటకు వెళ్లేవాడే. ఆమె ఏడుస్తూ, "నీ సేపల కోసం మా పిల్లల్ని నీళ్లపాలు సేస్తావేటి" అని అడిగింది. తాతమ్మ బిత్తరపోయింది. ఆమె ఆ మాట అన్నది మా వీధిలో, మావాళ్లతో. అది శ్రీకాకుళం ఎలా చేరిందో, పేరుతో సహా ఎలా చేరిందో అక్కడ చేరినవాళ్లెవరికీ అర్థం కాలేదు. పాపం, రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేనే కూర్చోబెట్టి తినిపించాను.

ప్రతి ఇంటి సంతకం తెమ్మంటే తెస్తాం. మా ఊళ్లో నూట నలభై గడపలు. కాని వానలు ముందున్నాయి. సంతకాలు కమిటీ చూసేసరికి ఎన్ని పడవలు తిరగబడతాయో చెప్పు. ఏదో ఒక దారి ఆలోచించు. నేనూ ఆలోచిస్తున్నాను.

నీ మీద ఏ కోపమూ లేని అప్ప,
అమ్మడు.

తా.క. మీ బావ విసుగెత్తి, ప్రభుత్వం ఇవ్వకపోతే నేనే తెచ్చుకుంటానని పడవకు 'టవర్' అని పేరు పెట్టాడు. మొన్న గాలికి గుల్లపేట టవర్ బోల్తాపడింది. ఒడ్డునే కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు.


శ్రీకాకుళం,
సెప్టెంబరు 17.

అప్పకు, గుండె చేత్తో పట్టుకుని ఈశ్వర్ రాస్తున్న ఉత్తరం.

కొంప మునిగింది. బావ పడవ సంగతి ఈ చానెల్‌కు ఎవరు మోశారో తెలియదు గాని, సోమవారం పన్నెండింటికి నాలుగు గోడల మీదా ఒకటే అరుపు. 'గాలికి కుప్పకూలిన గుల్లపేట టవర్. తృటిలో తప్పిన ప్రాణనష్టం.' పక్కన ఎక్కడిదో ఇనుప టవర్ వంకరపోయిన బొమ్మ.

అది పడవ అని చెప్పడానికి నేను లేచాను. అప్పటికే ఎమ్మెల్యే గారు ఫోన్‌లో ఆ చానెల్‌తో ప్రత్యక్ష ప్రసారంలో ఉన్నారు. వార్తలు చదివే అమ్మాయి విశాలి మంచి ప్రశ్నే వేసింది. వారం కిందట వద్దన్న టవర్ ఇప్పుడు ఎలా కూలిందండీ అని అడిగింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. "నేను ఆపింది కొత్త టవర్లమ్మా. పాత టవరుని కాపాడుకోడం నా బాజ్జత. నెల తిరక్కుండా నిలబెడతాను" అన్నారు.

ఇప్పుడు చూడు అప్పా మా పరిస్థితి. కొత్త టవర్‌కు నూట నలభై సంతకాలు కావాలి. కూలిన టవర్‌ను లేపడానికి ఒక్క సంతకం కూడా అక్కర్లేదు. తుపాను కాలం కాబట్టి అత్యవసర మరమ్మతు కింద వస్తుందట. కాని ఎప్పుడూ లేని టవర్‌ను ఎలా లేపుతారు?

ఇరవయ్యో తారీఖున కమిటీ అధికారి మోహనకృష్ణ గారు మీ ఊరికి విచారణకు వస్తున్నారు. ఆయన నిజాయితీ మనిషి. ఎవరేం చెప్పినా రాసుకుంటారు. బావ పడవ మీద ఆ పేరు కనిపించిందంటే ఎమ్మెల్యే గారి పరువుతోపాటు నా ఉద్యోగమూ పోతుంది. వెంటనే ఆ పేరు చెరిపెయ్యమను.

నిద్ర లేని తమ్ముడు,
ఈశ్వర్.

తా.క. ఎమ్మెల్యే గారు కూలిన టవర్ ముందు తాను నిలబడిన పాత ఫోటో ఏదైనా ఉందేమో వెతకమన్నారు. వెతుకుతున్నాను.


గుల్లపేట,
సెప్టెంబరు 23.

దిగులుతో చిక్కిపోతున్న తమ్ముడు ఈశ్వర్‌కు అప్ప అమ్మడు ధైర్యం చెప్పి రాసేది.

మోహనకృష్ణ గారు చెప్పిన రోజుకే వచ్చారు. నువ్వన్నట్టే మంచి మనిషి. చెప్పులు విప్పి ఇసకలో నడిచారు. పడవ గురించి బెంగపెట్టుకోకు. మా ఊరి రేవులో ఏ పడవ మీదా టవర్ అన్న మాట లేదు. కావలిస్తే వచ్చి చూసుకో.

ఆయన వచ్చేముందు ఊరంతటినీ కూర్చోబెట్టి ఒకటే చెప్పాను. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఒక్క అబద్ధం కూడా ఆడొద్దు అని. అందరూ అలాగే చెప్పారు.

మొదట తాతమ్మను, టవర్ ఎక్కడమ్మా అని అడిగారు. తాతమ్మ నాలుగు వైపులా చూసి, "నేదు బాబూ, ఎక్కడా నేదు" అంది. ఆయన రాసుకున్నారు. 'స్థలంలో టవర్ లేదు. నిర్ధారణ అయింది.'

విరిగిన ముక్కలైనా ఉన్నాయా అని మీ బావను అడిగారు. "ఒక్క మేకు కూడా నేదండి" అన్నాడు. 'శిథిలాలు సముద్రంలో కలిసి ఉండవచ్చు' అని రాసుకున్నారు.

తర్వాత బుల్లమ్మ వంతు. అంతకుముందు సిగ్నల్ ఎలా వచ్చేదని ప్రశ్న. "ఏనాడూ రానేదు బాబూ" అని ఆమె మొహమాటం లేకుండా చెప్పేసింది. ఆయన తల అడ్డంగా ఊపి, 'నాసిరకం నిర్మాణం' అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు.

సరుగుడు చెట్టు బుట్ట కూడా చూపించాం. ఆయన తన ఫోన్ కూడా వేసి పైకి లాగమన్నారు. దించాక పదకొండు మెసేజీలు చూసుకున్నారు. పోయిన నెల పద్దెనిమిది సంగతి మీ బావ చేతే చెప్పించుకున్నారు. అది మాత్రం రాసుకోలేదు. పుస్తకం మూసి విన్నారు.

ఏ అబద్ధమూ ఆడని అప్ప,
అమ్మడు.

తా.క. ఉత్తరపు దిబ్బ మీద వలలు ఆరేసుకునే గుంజలు పీకేసిన నాలుగు గుంటలున్నాయి. మోహనకృష్ణ గారు వాటిని టేపు పెట్టి కొలిచి, టవర్ నాలుగు కాళ్లూ ఇక్కడే ఉండేవని మాకే చెప్పారు. ఆయన మమ్మల్నేమీ అడగలేదు, మేమూ ఏమీ అనలేదు.


శ్రీకాకుళం,
అక్టోబరు 20.

అప్పకు, తప్పు ఒప్పుకోవడానికి ఈశ్వర్ రాస్తున్న ఉత్తరం.

ముందు మంచి మాట. మీ టవర్ సామాను విజయనగరంలో లారీ ఎక్కిందని కబురొచ్చింది. ఈ ఉత్తరం అందేసరికి మనుషులు కూడా దిగుతారు. టవర్ కంపెనీ వాళ్లు కిక్కురుమనలేదు. రెండేళ్లుగా రాని అనుమతి ఇంట్లోకి నడిచొస్తే ఎవరు మాత్రం వద్దంటారు?

అంతటితో అయిపోలేదు. విశాలి టీవీలో, గుల్లపేట సరే, మిగతా ఊళ్ల టవర్లు ఎంత భద్రమని అడిగింది. ఎమ్మెల్యే గారు ఆ సాయంత్రమే తీరంలో ఉన్న పదకొండు పేటల్లో టవర్ల లెక్క తీయమన్నారు. ఏడు పేటల్లో టవర్లు కనిపించలేదు. కనిపించడానికి అవి ఎప్పుడైనా ఉంటే కదా. కాని అలజడి న్యూస్‌లో 'ఏడు టవర్లు మాయం' అని వచ్చింది. మర్నాడు కమిటీ కొత్త విధానం ప్రకటించింది. తీరంలో కనిపించని టవర్లన్నిటినీ సంతకాలు లేకుండా వెంటనే పునరుద్ధరించాలి. సెప్టెంబరులో చేసిన తీర్మానం ఎవరికీ గుర్తు లేదు. గుర్తు చెయ్యడానికి టీవీలో రాలేదు కదా.

ఇక నా తప్పు. మొన్న నేను టీ తాగి లోపలికి వచ్చేసరికి నరేష్ నా బల్ల మీద వంగి నీ పాత ఉత్తరం చదువుతున్నాడు. అందులోనూ చివర తా.క. మాత్రమే. అంత పెద్ద ఉత్తరం చదివే ఓపిక లేదట. నన్ను చూసి, "అన్నా, మీ అప్ప బాగా రాస్తాది" అన్నాడు. అప్పుడు అర్థమైంది. వాడు చెప్పిన ఊళ్లో నమ్మకమైన మనిషివి నువ్వే. తాతమ్మను అంత ఏడిపించింది నా అజాగ్రత్తే.

టవర్ ప్రారంభం కాగానే ఎమ్మెల్యే గారికి అంతా చెప్పి ఉద్యోగం మానేస్తాను. ఆయన నన్ను నమ్మి పెట్టుకున్నారు. నీ మాట కోసం ఆగుతాను.

తలెత్తుకోలేని తమ్ముడు,
ఈశ్వర్.

తా.క. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా నరేష్ మెడ సాచి చూస్తున్నాడు. అందుకే గోడవైపు తిరిగి రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు.


గుల్లపేట,
నవంబరు 12.

నిజాయితీలో మోహనకృష్ణ గారిని మించిపోయిన తమ్ముడు ఈశ్వర్‌కు అప్ప అమ్మడు ముద్దుగా మొట్టికాయ వేసి రాసేది.

ఇప్పుడు మా ఇంట్లో, మంచం మీద కూర్చుని ఫోన్ చెయ్యవచ్చు. మొన్న చేశాను కూడా, ఉత్తరం వచ్చేదాకా నోరు విప్పకని. కాని ఈ సంగతి మీ ఆఫీసులో నువ్వు ఫోన్‌లో వింటూ ముఖం మామూలుగా పెట్టుకోలేవు. అందుకే కాగితం తీశాను.

ముందు ఎనిమిదో తారీఖు సంగతి విను. పడవలు పంతొమ్మిదీ వేటలో ఉన్నాయి. పదకొండింటికి హెచ్చరిక వచ్చింది. నేను చేపలు కడుగుతున్నాను. నా ఫోనూ, లక్ష్మణమ్మ ఫోనూ, ఊళ్లో అన్ని ఫోన్లూ ఒక్కసారి మోగాయి. చేతులు తుడుచుకునేలోపు మీ బావ ఫోన్. సముద్రం మీద నుంచి, ఈశ్వర్! నీళ్ల హోరు నాకు వినిపిస్తోంది. "అమ్మడూ, మాకూ ఒచ్చీసింది. ఎనక్కి తిరిగీసినాం. అన్నం ఒండు" అన్నాడు. మా ఊరికి పడవలు కట్టుకునే జెట్టీ అనేదే లేదు కదా, ఇసకలోకే లాగుతూ మూడింటికల్లా పంతొమ్మిదో పడవ కూడా ఒడ్డెక్కించారు. లక్ష్మణమ్మ రేవులో నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఐదింటికి గాలి విరుచుకుపడింది. ఆ గాలి చప్పుడు వింటూ మీ బావ మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. నేనూ ఆయన పక్కనే కూర్చుని తిన్నాను.

ఇప్పుడు నీ తప్పు సంగతి. అది నీ తప్పు కాదు. తాతమ్మ మాట టీవీలో వచ్చిన రోజే నాకు తెలిసిపోయింది. ఆ మాటకు సాక్షులు మా వీధివాళ్లు. వాళ్లెవరూ ఊరు దాటలేదు, బుట్ట అప్పటికి రెండు రోజులుగా తాడు తెగి కిందే ఉంది. ఊరు దాటింది నా ఉత్తరం ఒక్కటే. మీ ఆఫీసులో ఒకడు చివరి నాలుగు వరుసలే చదువుతాడని ఆ వార్త తీరు చూస్తేనే అర్థమైంది. పైన అంత వివరంగా రాసిన మీ బావ ఈత వదిలేసి, కింద రాసిన చేపల గొడవ పట్టుకున్నాడు.

సంతకాలు పోగుచేస్తే ఏడాది పడుతుంది. నాకు అంత వ్యవధి లేదు. అందుకని తర్వాతి ఉత్తరంలో చెప్పదలుచుకున్నది చివర్న పెట్టాను. మీ బావ పడవ పేరు గంగాదేవి. కొన్ననాటినుంచి అదే పేరు. ఎవరూ మార్చలేదు, ఏదీ బోల్తాపడలేదు. ఆ ఒక్కటే నేను ఆడిన అబద్ధం. అదీ నీకు రాసిన ఉత్తరంలోనే గాని అధికారికి కాదు. నిన్ను అంత బెంగపెట్టినందుకు నువ్వే నన్ను క్షమించాలి. నీకు ముందే చెబుదామంటే, నీ ముఖం చూసి ఎమ్మెల్యే గారు కనిపెట్టేస్తారని భయమేసింది.

కాబట్టి ఉద్యోగం మానకు. ఎమ్మెల్యే గారికి చెప్పి ఆయన సంతోషం పాడుచెయ్యకు. ప్రారంభానికి వచ్చినప్పుడు ఆయన్ని చూశాను. శిలాఫలకం మీద 'పునర్నిర్మాణం' అని చెక్కించారు. తాతమ్మకు ఆకుపచ్చ శాలువా కప్పారు. "మొదట కట్టింది ఎప్పుడు బాబూ" అని ఆమె అడిగితే, ఆయన అందరివైపూ చూసి, "సూశారా, ఈ వయసులో ఎంత సరదాయో" అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకు ఏ మాటైనా గోడ మీద నుంచి వినిపించాలి, అంతే.

ఈ ఉత్తరం దాచకు. చదివి ఎప్పటిలాగే బల్ల మీద పెట్టు. నరేష్ చదివినా ఏమని వార్త వేస్తాడు? ఇతరుల ఉత్తరాలు చదివి పడవను టవర్ చేశానని చెప్పుకుంటాడా?

అందరినీ చల్లగా ఉండమని కోరే అప్ప,
అమ్మడు.

తా.క. నరేష్ బాబూ, ఈసారి కూడా సరాసరి ఇక్కడికే వచ్చావు కదా. మొన్నటి గాలికి గుల్లపేట జెట్టీకి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కావాలంటే కెమెరా తెచ్చి ఎంత వెతుక్కున్నా ఒక్క పగులు కనిపించదు. వచ్చేటప్పుడు భోజనం వేళకు రా.